350 సీసీ రెట్రో బైక్: పాతది అమ్మేసి కొత్తది కొనాలా? ఉన్నదానికే అప్‌గ్రేడ్లు చేయించాలా? ఓనర్లకే తెలిసే అసలు లెక్క ఇదీ..

గుండ్రటి హెడ్‌లైట్, నీటిచుక్క ఆకారంలో ట్యాంక్, తాతల కాలం నాటి లుక్.. రెట్రో బైక్ కనిపిస్తే చాలు, తల తిప్పి చూడనివాళ్లు తక్కువ. అయితే షోరూమ్‌లో చూసి ముచ్చటపడటం వేరు, మూడేళ్లు రోజూ నడపడం వేరు. ఇప్పుడు ఈ ఓనర్లలో చాలామందిని ఒకటే ప్రశ్న వేధిస్తోంది. కొత్త మోడల్‌లో ఎల్ఈడీ లైట్లు వచ్చాయి, టైప్-సీ చార్జింగ్ వచ్చింది, గేర్ ఇండికేటర్ వచ్చింది. పైగా జీఎస్టీ తగ్గి ధర కూడా దిగింది. మరి మన పాత బండి సంగతేంటి? అమ్మేయాలా.. లేక ఇంకో ఇరవై వేలు పెట్టి దాన్నే సింగారించుకోవాలా?

నా దగ్గరున్నది 2022లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. హాలోజన్ హెడ్‌లైట్, స్పోక్ వీల్స్ ఉన్న మోడల్. మీటర్ 31 వేల కిలోమీటర్లు దాటింది. ఆఫీస్‌కి, ఊరికి, అప్పుడప్పుడు షూట్లకి.. అన్నింటికీ అదే. ఇటీవల మా బాబాయ్ కొడుకు కొత్త బైక్ కోసం తిరుగుతుంటే వాడితో పాటు నేనూ షోరూమ్‌ల చుట్టూ తిరిగాను. నాలుగు బళ్లు నడిపి చూశాం. ఆ అనుభవం, నా బండి నేర్పిన పాఠాలు కలిపి ఇక్కడ చెబుతున్నా.

ఆ రాత్రి సూర్యాపేట దాటాక..

ముందుగా ఒక సంఘటన. కిందటేడాది అమ్మను వెనక కూర్చోబెట్టుకుని హైదరాబాద్ నుంచి ఖమ్మం వెళ్తున్నా. సూర్యాపేట దాటాక రాత్రి తొమ్మిది గంటలప్పుడు బండి వెనక భాగం పాములా ఊగడం మొదలైంది. చూస్తే మేకు దిగింది. టైర్ ఫ్లాట్! నా బండికి ఉన్నవి స్పోక్ వీల్స్. లోపల ట్యూబ్ ఉంటుంది. ట్యూబ్‌కి చిల్లు పడితే గాలి నిమిషాల్లో దిగిపోతుంది. అదే ట్యూబ్‌లెస్ అయితే మేకు దిగినా టైర్ రబ్బరు దాన్ని పట్టుకునే ఉంటుంది, గాలి మెల్లగా పోతుంది. ఊరు చేరే టైమ్ దొరుకుతుంది.

195 కిలోల బండిని ఫ్లాట్ టైర్‌తో తోయడం అంటే మాటలు కాదు. అమ్మ పక్కన నడుస్తూ, "నాన్నా, ఇంత డబ్బు పోసి కొన్నావ్.. ఇదేంట్రా?" అంది. సమాధానం లేదు. చివరకు ఒక ఆటో అన్న పక్క ఊరి నుంచి పంక్చర్ మెకానిక్‌ని ఎక్కించుకొచ్చాడు. ఆయన టార్చ్ వెలుగులో వెనక చక్రం విప్పి, ట్యూబ్ బయటకు తీసి, ప్యాచ్ వేసి మళ్లీ బిగించేసరికి పదకొండు దాటింది.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే.. కొనేటప్పుడు నేను చూసింది రంగు, క్రోమ్, సౌండ్. చక్రాల్లో ట్యూబ్ ఉందో లేదో అసలు అడగనే లేదు. అదే క్లాసిక్‌లో అల్లాయ్ వీల్స్ ఉన్న డార్క్ వేరియంట్లు ట్యూబ్‌లెస్‌తోనే వచ్చాయి. స్పోక్ ఉంటేనే రెట్రో అనుకుని ఏరికోరి ఆ మోడల్ తీసుకున్నది నేనే.

తర్వాత మార్చుకోలేనివి ముందు చూడాలి

రెట్రో బైక్ కొనేటప్పుడు ఫీచర్లను రెండు కుప్పలుగా విడదీసుకోండి. ఒకటి, కొన్నాక కూడా డబ్బు పెట్టి మార్చుకోగలిగేవి. సీటు, అద్దాలు, చార్జింగ్ పాయింట్, విండ్‌షీల్డ్, బ్యాక్‌రెస్ట్ లాంటివి. రెండోది, ఎంత డబ్బు పెట్టినా తర్వాత రానివి. సేల్స్‌మన్ మొదటి కుప్ప గురించే గంటసేపు చెప్తాడు. మనం అడగాల్సింది రెండోదాని గురించి.

అందులో మొదటిది ఏబీఎస్. 125 సీసీ దాటిన బైకులన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేస్తూ 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్ని బళ్లకు రూల్ వచ్చింది. కానీ సింగిల్ చానల్ ఉన్నా రూల్ పాటించినట్టే. సింగిల్ చానల్ అంటే ముందు చక్రం లాక్ కాకుండా మాత్రమే చూస్తుంది. డ్యుయల్ చానల్ రెండు చక్రాలనూ చూస్తుంది. 2021లో కొత్త క్లాసిక్ వచ్చినప్పుడు బేస్ వేరియంట్ రెడ్డిచ్‌కి వెనక డ్రమ్ బ్రేక్, సింగిల్ చానల్ ఏబీఎస్ ఇచ్చారు. పై వేరియంట్లకు వెనక డిస్క్, డ్యుయల్ చానల్. తేడా వేలల్లోనే. కానీ వానలో, ఇసుక పడ్డ మలుపులో గేదె అడ్డొచ్చి భయంతో వెనక బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది. ఏబీఎస్ మాడ్యూల్, సెన్సర్లు, వైరింగ్, కంప్యూటర్.. అన్నీ కలిసి పనిచేసే సిస్టమ్ అది. బయట మెకానిక్ దగ్గర సింగిల్‌ని డ్యుయల్ చేయించడం కుదిరే పని కాదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు వెనక చక్రం దగ్గర ఏబీఎస్ సెన్సర్ రింగ్ ఉందో లేదో వంగి చూడాల్సిందే.

రెండోది ఇంజిన్. ఇక్కడ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చాలామంది దెబ్బతింటున్నారు. పాత క్లాసిక్ 350, కొత్త క్లాసిక్ 350.. పేరు ఒకటే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. ఇంజిన్ మాత్రం పూర్తిగా వేరు. పాతది 346 సీసీ. 2021 సెప్టెంబర్‌లో వచ్చింది 349 సీసీ, దీన్ని జే సిరీస్ అంటారు. కొత్తదాంట్లో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. పిస్టన్ పైకీ కిందకీ ఆడేటప్పుడు పుట్టే అదురును ఎదురు బరువుతో తగ్గించే ఏర్పాటు అన్నమాట. ఫ్రేమ్ కూడా మార్చేశారు. పాత బండి మీద 80 దాటితే అద్దంలో వెనక లారీ రెండుగా కనిపించేదని మా నాన్న ఇప్పటికీ చెప్తుంటారు. కొత్తదాంట్లో ఆ ఇబ్బంది బాగా తగ్గింది. గుర్తుపట్టడం ఈజీ. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ చూడండి. 346 ఉంటే పాతది, 349 ఉంటే కొత్తది. ఇంకో గుర్తు.. జే సిరీస్ క్లాసిక్‌కి కిక్ ఉండదు. ఈ కిక్ లేకపోవడం నాకు ఎంత పని పెట్టిందో తర్వాత చెప్తా.

మూడోది బరువు. దీని గురించి ఎవరూ అడగరు. క్లాసిక్ 195 కిలోలు. హోండా హైనెస్ సీబీ350 సుమారు 181. ట్రయంఫ్ స్పీడ్ 400 అయితే 176. పేపర్ మీద 14 కిలోల తేడా పెద్దగా అనిపించదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి బండిని వెనక్కి లాగేటప్పుడు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో కాళ్లతో తోసుకుంటూ వెళ్లేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. క్లాసిక్ 805 మిల్లీమీటర్లు, హైనెస్ 800, స్పీడ్ 400 లాంచ్ అయినప్పుడు 790. మా తమ్ముడి హైట్ ఐదడుగుల నాలుగంగుళాలు. వాడికి ఈ 15 మిల్లీమీటర్లే పెద్ద విషయం అయ్యాయి.

నడిపి చూస్తే ఏం తేలింది?

క్లాసిక్ ఇంజిన్ 20.2 బీహెచ్‌పీ పవర్, 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 ఎన్ఎం టార్క్ ఇస్తుంది. అయిదు గేర్లు. హైవే మీద 80 - 90 మధ్య హాయిగా పాడుకుంటూ పోతుంది. వంద దాటించాలంటే ఒప్పుకుంటుంది కానీ ఇష్టపడదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందే లెక్క వేసుకోవాలి.

హైనెస్ 2020 సెప్టెంబర్ చివర్లో వచ్చింది. 348 సీసీ, 20.8 బీహెచ్‌పీ. పవర్ దాదాపు క్లాసిక్ అంతే. కానీ 30 ఎన్ఎం టార్క్ 3,000 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. బరువూ తక్కువ. పైగా అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్, ట్రాక్షన్ కంట్రోల్, డ్యుయల్ చానల్ ఏబీఎస్.. ఇవన్నీ మొదటి రోజు నుంచే ఇచ్చారు. ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు ఉండేవాళ్లకు ఈ క్లచ్ ఒక వరం. లివర్ రెండు వేళ్లతో నొక్కితే చాలు. కంగారుగా గేర్లు దించినా వెనక చక్రం ఎగిరెగిరి పడదు. ట్రాక్షన్ కంట్రోల్ అంటే వెనక చక్రం జారుతూ తిరుగుతుంటే ఇంజిన్ పవర్‌ను తనంతట తనే తగ్గించేది. తడిసిన మెట్రో పనుల ప్లేట్ల మీద పనికొస్తుంది. ట్యాంక్ 15 లీటర్లు, క్లాసిక్‌కి 13. నా బండి లీటర్‌కి 33 ఇస్తుంది. ఆ లెక్కన రెండు లీటర్లంటే 66 కిలోమీటర్లు. హైదరాబాద్ - విజయవాడ దారిలో ఒక బంక్ వదిలేయొచ్చు.

అన్నీ బాగానే ఉన్నాయి. మరి మైనస్? నాకైతే గేర్లు బాగా పొడుగ్గా అనిపించాయి. సిటీలో నాలుగు, అయిదు గేర్ల దాకా వెళ్లే అవసరమే రాలేదు. ఇంకోటి, బిగ్‌వింగ్ షోరూమ్‌లలోనే అమ్మకం, సర్వీస్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఫర్వాలేదు. మీది చిన్న టౌన్ అయితే కొనే ముందే దగ్గరి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో మ్యాప్‌లో కొలుచుకోండి.

జావా 350ది మరో దారి. 1961 నుంచి 1996 దాకా మైసూరులో ఐడియల్ జావా తయారుచేసిన బళ్లను చూసి పెరిగిన తరం మన ఇళ్లల్లో ఉంది. 2018 నవంబర్‌లో క్లాసిక్ లెజెండ్స్ ఆ పేరును మళ్లీ తెచ్చింది. 2024 జనవరిలో వచ్చిన కొత్త జావా 350లో 334 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్ ఉంది. 22 బీహెచ్‌పీకి పైగా పవర్, సుమారు 28 ఎన్ఎం టార్క్, ఆరు గేర్లు. క్లాసిక్ కంటే చురుగ్గా ఉంటుంది. దాని అందం గురించి వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, షోరూమ్‌లో తమ్ముడు దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు.

ఇక ట్రయంఫ్ స్పీడ్ 400. బజాజ్‌తో కలిసి తయారుచేసిన బండి, 2023 జులైలో 2.23 లక్షల ఆఫర్ ధరతో దిగింది. 398 సీసీ, 39.5 బీహెచ్‌పీ, 37.5 ఎన్ఎం, ఆరు గేర్లు. అంటే క్లాసిక్‌తో పోలిస్తే పవర్ దాదాపు రెట్టింపు, బరువు 19 కిలోలు తక్కువ! చూడ్డానికి రెట్రో, నడిపితే మాత్రం ఈ కాలం కుర్రాడే. మొదటి సర్వీస్ తర్వాత 16 వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి సర్వీస్ చేయిస్తే చాలని కంపెనీ చెప్తోంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అమ్మను ఎక్కించి ఒక రౌండ్ వేస్తే మాత్రం, "వెనక పట్టుకోవడానికేం లేదురా, జారిపోతానేమో" అంది. వెనక సీటు నిర్ణయం వెనక కూర్చునేవాళ్లది. టెస్ట్ రైడ్‌కి ఒంటరిగా వెళ్లకండి.

350 దాటితే ట్యాక్స్ దెబ్బ

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటిన వాటికి అప్పటిదాకా సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది, అది 40 శాతం అయింది.

లెక్క వేసి చూద్దాం. 28 శాతం ట్యాక్స్‌తో ఎక్స్-షోరూమ్ ధర 2 లక్షలు ఉన్న బండి అనుకోండి. ట్యాక్స్ తీసేస్తే అసలు ధర 1,56,250. దాని మీద 18 శాతం వేస్తే 1,84,375. అంటే 15,625 మిగిలినట్టు. అదే 31 శాతం ట్యాక్స్‌తో 2.40 లక్షలున్న 400 సీసీ బండికి 40 శాతం లెక్కేస్తే ధర 2.56 లక్షలు దాటుతుంది. 16 వేలు పైనే భారం. పెరిగిన ట్యాక్స్‌ను కొన్నాళ్లు తామే భరిస్తామని కొన్ని కంపెనీలు ప్రకటించాయి, కాబట్టి షోరూమ్‌లో ఆ రోజు ధర ఎంతో అడిగి తెలుసుకోవడమే మంచిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ తన 350 మోడళ్ల మీద 22 వేల దాకా తగ్గింపు ప్రకటించింది.

ఇందులో పాత బండి ఓనర్లకు ఒక చేదు వార్త కూడా ఉంది. కొత్త బండి ధర తగ్గితే సెకండ్ హ్యాండ్ రేటు కూడా దిగుతుంది. నేను నా బండికి రేటు అడిగినప్పుడు డీలర్ మొదటి మాటే, "కొత్తదే తగ్గింది కదా సార్" అని.

అప్‌గ్రేడ్లలో ఏది పనికొచ్చింది? ఏది కొంప ముంచింది?

2024 సెప్టెంబర్‌లో అప్‌డేట్ అయిన క్లాసిక్‌లో ఎల్ఈడీ హెడ్‌లైట్, గేర్ పొజిషన్ ఇండికేటర్, టైప్-సీ చార్జింగ్ పోర్ట్ వచ్చాయి. పై వేరియంట్లలో క్లచ్, బ్రేక్ లివర్లు చేతికి తగ్గట్టు సర్దుకునేలా ఇచ్చారు. ఇంజిన్ మారలేదు. అదే 349 సీసీ, అదే 20.2 బీహెచ్‌పీ. అంటే నా 2022 బండికి, దీనికి మధ్య ఉన్న తేడా ఎక్కువగా పైపైనే. అందుకే అమ్మే ఆలోచన మానేసి అప్‌గ్రేడ్ల మీద పడ్డాను. అక్కడే మొదటి తప్పు చేశాను.

హాలోజన్ వెలుగు చాలట్లేదని సిటీలోనే ఒక యాక్సెసరీ షాపులో రెండు ఫాగ్ ల్యాంపులు పెట్టించా. వాళ్లు రిలే పెట్టలేదు. ఫ్యాక్టరీ వైర్ కోసి, టేపు చుట్టి నేరుగా బ్యాటరీకి కలిపేశారు. దాంతో తాళం తీసినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఒక రోజు ఆఫీస్ పార్కింగ్‌లో స్విచ్ ఆపడం మర్చిపోయా. సాయంత్రానికి బ్యాటరీ డెడ్. కిక్ లేదు కదా! పైగా ఫ్యుయల్ ఇంజెక్షన్ బండి, పెట్రోల్ పంప్ పనిచేయాలన్నా కరెంటే కావాలి. ఇద్దరు కెమెరామన్లు తోసినా స్టార్ట్ కాలేదు. మర్నాడు వేరే ఎలక్ట్రీషియన్ ఆ టేపు విప్పి చూపించాడు, ఒక చోట వైర్ కాలి నల్లబడి ఉంది. ఇంకో నెల అలాగే నడిపితే ఏమయ్యేదో.

కాబట్టి లైట్లు పెట్టించేటప్పుడు రిలే, ఫ్యూజ్, తాళంతో పాటు ఆగే కనెక్షన్.. ఈ మూడూ అడిగి పెట్టించుకోండి. ఫ్యాక్టరీ వైర్ కోస్తానంటే బండి వెనక్కి తీసుకొచ్చేయండి. వారంటీ ఉన్న బండికైతే ఇది ఇంకా ముఖ్యం. హాలోజన్ బల్బు తీసేసి అదే డూమ్‌లో చవక ఎల్ఈడీ బల్బు పెట్టడం కూడా నేను చేసి వదిలేసిన పనే. లోపలి అద్దం హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారైంది. వేరే బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద కంటే ఎదుటివాడి కళ్లల్లోనే ఎక్కువ పడుతుంది. మార్చాలంటే మొత్తం ల్యాంప్ యూనిట్ మార్చాలి.

స్పోక్ వీల్స్‌ని ట్యూబ్‌లెస్ చేస్తామని లోపల టేపు, సీలెంట్ వేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్యూబ్‌లెస్ రిమ్ లోపలి అంచున చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైర్ రిమ్ మీద నుంచి జారకుండా పట్టుకునేది అదే. మామూలు ట్యూబ్ రిమ్‌కి అది లేకపోతే, స్పీడ్‌లో గాలి దిగినప్పుడు టైర్ ఊడొచ్చే ప్రమాదం ఉంటుంది. స్పోక్ అందమే కావాలంటే, 2024 నవంబర్‌లో వచ్చిన గోవన్ క్లాసిక్ 350కి కంపెనీయే ట్యూబ్‌లెస్ స్పోక్ వీల్స్ ఇచ్చింది. నా బండికి మాత్రం కంపెనీ అల్లాయ్ వీల్స్ సెట్ వేయించా. టైర్లతో కలిపి బిల్లు పాతిక వేలకు దగ్గరగా వచ్చింది. నొప్పిగానే ఉంది కానీ ఆ సూర్యాపేట రాత్రి గుర్తొస్తే సరే అనిపించింది.

అమ్మ కోసం బ్యాక్‌రెస్ట్, కాస్త మెత్తటి టూరింగ్ సీటు వేయించా. ఈ మొత్తం కథలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆశీర్వాదాలు తెచ్చింది ఇదే. సారీ గార్డ్ బాగోలేదని కొంతమంది పీకేస్తుంటారు. అది రూల్ ప్రకారం ఉండాల్సిందే, వెనక చీరతోనో చున్నీతోనో కూర్చునేవాళ్ల ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక సైలెన్సర్. ఈ టాపిక్ వస్తే కామెంట్లలో కొట్టుకుంటారని తెలుసు. అయినా చెప్పాలి. 175 సీసీ దాటిన బైకులకు శబ్దం పరిమితి 80 డెసిబెల్స్. మోడిఫైడ్ సైలెన్సర్‌తో దొరికితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు.. రెండూ పడే అవకాశం ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద వేసి తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. పైగా బీఎస్6 బండిలో సైలెన్సర్ అంటే ఉత్త గొట్టం కాదు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఆ లైన్‌లోనే ఉంటాయి. వాటిని తీసేస్తే ఇంజిన్‌కి పెట్రోల్ ఎంత పంపాలో తెలియక లెక్క తప్పుతుంది. బండి నిర్మాణాన్ని మార్చే మార్పులకు ఆర్టీఓ అనుమతి ఉండాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. లేదంటే యాక్సిడెంట్ రోజు క్లెయిమ్ ఫారం దగ్గర ఇబ్బంది పడేది మనమే.

ఇంతకీ తమ్ముడు ఏది తీసుకున్నాడు?

వాడి బడ్జెట్ నెలకి ఆరు వేల ఈఎంఐ. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి, నెలకోసారి ఖమ్మం. మొదట, "అన్నా, సౌండ్ కోసం క్లాసిక్కే తీసుకుందాం" అన్నాడు. స్పీడ్ 400 దిగాక మొహం వెలిగిపోయింది, ఇన్సూరెన్స్‌తో కలిపి ఆన్-రోడ్ రేటు విన్నాక మొహం మళ్లీ మామూలైంది. జావా దగ్గర మనసు లాగింది. చివరికి బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో గంటన్నర అని గుర్తొచ్చి, తేలిక క్లచ్, డ్యుయల్ చానల్ ఏబీఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు చూసి హైనెస్‌కి అడ్వాన్స్ కట్టాడు. ఖమ్మంలో సర్వీస్ ఎక్కడ అని అడిగితే, "హైదరాబాద్‌లోనే చేయించుకుంటాలే" అన్నాడు. చూడాలి.

నాదైతే అమ్మలేదు. 2022 మోడల్, డ్యుయల్ చానల్ ఏబీఎస్ ఉంది, ఇంజిన్ కొత్తదాంట్లో ఉన్నదే. అదే నా దగ్గర 346 సీసీ పాతది గానీ, సింగిల్ చానల్ వేరియంట్ గానీ ఉండుంటే అప్‌గ్రేడ్లకు రూపాయి కూడా పెట్టేవాణ్ని కాదు. జీఎస్టీ తగ్గింపు పట్టుకుని మార్చేసేవాణ్ని. అల్లాయ్ వీల్స్ వేయించాక తీసిన స్పోక్ వీల్స్ రెండూ ఇంట్లో మంచం కింద ఉన్నాయి. అమ్ముదామంటే మనసు ఒప్పట్లేదు, అమ్మ మాత్రం ఊడ్చిన ప్రతిసారీ వాటిని తిడుతోంది.